ఆ ‘90 రోజుల’ మెసేజ్‌కి నా జవాబు

మొన్న రాత్రి మా చుట్టాల గ్రూపులో పిన్ని ఒక మెసేజ్ పెట్టింది. ‘ప్రముఖ డాక్టరు’ చెప్పారట. ఆ డాక్టరుకి పేరూ లేదు, ఊరూ లేదు. అందులో ఉన్నది ఇదీ: తాతల కాలంలో ఆటిజం పిల్లలు లేరు, తల్లులు ఫోన్లు అలవాటు చేయడం వల్లే ఇదంతా. ఫోన్ ఆపి, గోధుమలూ పాలూ మానిపిస్తే 90 రోజుల్లో మాటలొస్తాయి. ఇలాంటి పిల్లల్ని మామూలు బడిలో వేస్తే మిగతా పిల్లలు చెడిపోతారు. చివర్లో, పది మంది తల్లులకు పంపమని.

మావాడికి పదేళ్ళు. వాడికి ఆటిజం ఉంది. ఈ మెసేజ్ ఏదో ఒక రూపంలో ఏడాదికి నాలుగైదు సార్లయినా నా దగ్గరికి వస్తుంది. ఈసారి వరసగా జవాబు రాస్తున్నాను.

తాతల కాలంలో లేరా? మా అమ్మమ్మగారి ఊళ్ళో ఒకాయన ఉండేవాడు. రోజూ అదే వేళకి అదే రావిచెట్టు కింద కూర్చుని, వచ్చీపోయే బస్సుల నంబర్లు పైకి చదివేవాడు. ఎవరి కళ్ళలోకీ చూసేవాడు కాదు. ఊరంతా ‘మాలోకం’ అనేది. ఆయనకు ఆటిజమే అని నేననను, ఎవరూ పరీక్ష చేయలేదు కదా. ఆయన్ని బడికి పంపలేదు, పెళ్ళిళ్ళకి తీసుకెళ్ళలేదు. అలాంటివాళ్ళు ఏ లెక్కలోకి వస్తారు?

1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 11 మంది పిల్లల గురించి వివరంగా రాశాడు. విన్నమాటనే తిరిగి అనడం, రోజూ ఒకేలా జరగాలని పట్టుబట్టడం, ఏ చిన్న మార్పునీ తట్టుకోలేకపోవడం. మావాడి ఫైలు చదువుతున్నట్టే ఉంటుంది. ఆ పిల్లల చేతికి ఫోన్ ఎవరిచ్చారో మరి!

ఇక తల్లి తప్పు సంగతి. ఇది పాత నింద, దానికి ఇప్పుడు ఫోన్ తగిలించారంతే. తల్లి ప్రేమ చాలకే ఆటిజం వస్తుందని 1950, 60లలో పెద్ద పెద్ద డాక్టర్లే అన్నారు. దాన్ని 1964లో గట్టిగా ఎదిరించినవాడు బెర్నార్డ్ రిమ్‌లాండ్. ఆయన సైకాలజిస్టు, ఆటిజం ఉన్న పిల్లాడికి తండ్రి కూడా. ఆ తర్వాత 1977లో బ్రిటన్‌లో, కనీసం ఒకరికి ఆటిజం ఉన్న 21 కవల జంటల మీద అధ్యయనం చేశారు. ఒకే అండం నుంచి పుట్టిన 11 జంటల్లో నాలుగింట ఇద్దరికీ ఆటిజం కనిపించింది. వేర్వేరు అండాల నుంచి పుట్టిన పది జంటల్లో ఒక్క జంటలోనూ ఇద్దరికీ లేదు. పెంపకమే కారణమైతే ఇంత తేడా రాదు. పుట్టుకలోనే చాలావరకు ఉందని ఆ తర్వాతి పరిశోధనలూ చెప్పాయి.

ఫోన్ మంచిదని మాత్రం నేననను. ఏడాదిలోపు పిల్లలకి స్క్రీన్ అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి గంట దాటొద్దని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. రోజంతా ఫోన్‌తో గడిపే పిల్లలకి మాటలు ఆలస్యం కావచ్చు. అలాంటి పిల్లాడు ఫోన్ ఆపగానే మాట్లాడితే సంతోషమే. అంతమాత్రాన ఆటిజం నయమైందని కాదు. ఫోన్ల వల్ల వచ్చేదంటూ కొందరు చెప్పే ‘వర్చువల్ ఆటిజం’ అనే పేరు, జబ్బుల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే జాబితాలు డీఎస్ఎం-5లోనూ లేదు, ఐసీడీ-11లోనూ లేదు.

90 రోజుల డైటు గురించి ఎక్కువ చెప్పను. గోధుమలూ పాలూ మానితే ఆటిజం పోతుందని గట్టి రుజువు లేదు. మావాడు తినేవే నాలుగు రకాలు, అందులో రెండు మానిపించమంటే ఇంకేం పెట్టను? ఇలాంటి ఆశతోనే కొందరు లక్షలు పోసి స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు వేయించారు. ఆటిజానికి ఆ చికిత్సను సిఫారసు చేయడం లేదని జాతీయ వైద్య కమిషన్ బోర్డు 2022లోనే స్పష్టంగా చెప్పింది. నిజంగా పని చేసేది స్పీచ్ థెరపీ, ఓటీ (రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ), ఇంట్లో రోజూ చేయించే పని. ఇవి నెమ్మదిగా సాగుతాయి, విసుగు పుట్టిస్తాయి. మావాడు ‘నీళ్ళు కావాలి’ అని అడగడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

అన్నిటికంటే నాకు ఒళ్ళు మండింది బడి మాటకి.

మావాణ్ణి చేర్చిన రెండో నెలలో ప్రిన్సిపాల్ మేడమ్ పిలిచి, “బాబు ఇక్కడ అడ్జస్ట్ అవలేడమ్మా, స్పెషల్ స్కూల్ చూసుకోండి” అన్నారు. ఇంటికొచ్చి ఏడ్చాను. మర్నాడు మా ఆయన దివ్యాంగుల హక్కుల చట్టం ప్రింట్ తీసుకొచ్చారు. 2016 నాటి ఈ చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. ప్రభుత్వ సాయం గానీ గుర్తింపు గానీ ఉన్న విద్యాసంస్థలు వివక్ష లేకుండా చేర్చుకోవాలని, పిల్లల అవసరాన్ని బట్టి సర్దుబాట్లు చేయాలని 16వ సెక్షన్ ఉద్దేశం. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ళ పిల్లలకి దగ్గర్లోని బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక బడిలో గానీ ఉచితంగా చదువుకునే హక్కు 31వ సెక్షన్ ఇచ్చింది. ఎంచుకునే హక్కు మనది. కొందరికి ప్రత్యేక బడే నయం కావచ్చు, అది వేరే సంగతి. వైకల్యం ఎంత శాతమో చూసి ఇచ్చే సదరం సర్టిఫికెట్ జిరాక్సు జతచేసి, ఈ సెక్షన్లు రాసి ఉత్తరం ఇచ్చాం. (ఆ సర్టిఫికెట్ కోసం క్యాంపులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాం. అది ఇంకో కథ.) జవాబు రాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి వెళ్దామనుకున్నాం. అంతవరకూ రాలేదు.

ఇంతకీ గొడవంతా బెల్ గురించి. అది మోగితే వాడు చెవులు మూసుకుని అరిచేవాడు. సీటు బెల్‌కి దూరంగా మార్చారు. ఏ పీరియడ్ తర్వాత ఏదో బొమ్మల కార్డు బెంచీకి అంటించారు. ఇప్పుడు పక్కనుండే పిల్లాడు బెల్‌కి కాసేపు ముందు రెండు వేళ్ళు చూపిస్తాడు, మావాడు చెవులు మూసుకుంటాడు. ఆ పిల్లాడు ఏం చెడిపోయాడో మెసేజ్ రాసినాయనే చెప్పాలి.

ఇదంతా గ్రూపులో పెట్టాను. ఎవరూ మాట్లాడలేదు. గంట తర్వాత పిన్ని విడిగా ఫోన్ చేసింది. పక్కింటి మనవడికి రెండేళ్ళట, పిలిస్తే తిరగడట, ఏదైనా కావాలంటే వేలితో చూపించడట. “మగపిల్లలకి మాటలు ఆలస్యంగా వస్తాయి కదే, మూడేళ్ళు నిండనిద్దామా?” అని అడిగింది.

“వద్దు పిన్నీ, ముందు చెవులు పరీక్ష చేయించమను, బెరా టెస్ట్ అంటారు. వినికిడి బాగుంటే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళి డెవలప్‌మెంట్ అసెస్‌మెంట్ అడగమను. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఎన్ఐఈపీఐడీ ఉంది, బుద్ధి వైకల్యాలున్నవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే సంస్థ, అక్కడైనా చూస్తారు” అన్నాను.

“ఎన్ఐ... ఏంటే? మెసేజ్ పెట్టు, నాకు గుర్తుండదు” అంది.