బెడ్‌లమ్‌ను ఆపేయాల్సిన అవసరం లేదు

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో జట్లు టీవీ డబ్బు కోసం కాన్ఫరెన్సులు (లీగుల్లాంటి జట్ల కూటములు) మారితే పాత పోటీలు పోవడం సహజమేనని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. స్టిల్‌వాటర్‌లోని ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చదివాను కాబట్టి, ఓక్లహోమా యూనివర్సిటీతో మా జట్టు ఆడే పాత పోటీ బెడ్‌లమ్ గురించే చెప్తాను.

ఓక్లహోమా, ఓక్లహోమా స్టేట్ మొదటిసారి తలపడింది 1904లో, గత్రీలో. ఆ రోజు బంతి గడ్డకట్టే చలిలో వాగులో పడితే ఆటగాళ్లు దాని కోసం నీళ్లలోకి దూకారు! 1910 నుంచి 2023 దాకా ఏటా ఆడారు. లెక్క చూస్తే ఓక్లహోమాదే పూర్తిగా పైచేయి, 91 గెలుపులకు మావి 20. అయినా ఆ వారమంతా ఊళ్లో టెన్షనే. ఒకే ఇంట్లో అన్న అటు, చెల్లెలు ఇటు. 2023 నవంబరులో చివరి ఆట 27-24తో మేమే గెలిచాం, జనం మైదానంలోకి పోటెత్తారు.

2024లో ఓక్లహోమా ఎస్‌ఈసీ అనే వేరే కాన్ఫరెన్సుకు వెళ్లింది. కాన్ఫరెన్సు బయటి జట్లతో ఆడే తేదీలు ఏళ్ల ముందే నిండిపోయాయన్నారు. మరి వాషింగ్టన్, వాషింగ్టన్ స్టేట్ వేర్వేరు కాన్ఫరెన్సుల దారి పట్టినా తమ పాత పోటీ ఆపిల్ కప్‌ను సెప్టెంబరుకు జరిపి ఆడుతూనే ఉన్నాయిగా? ఓక్లహోమా యూనివర్సిటీ ఉన్న నార్మన్‌కూ స్టిల్‌వాటర్‌కూ మధ్య గంటన్నర దారి కూడా లేదు. రెండూ ప్రభుత్వ యూనివర్సిటీలే. ఓక్లహోమా శాసనసభ కూర్చోబెట్టి మాట్లాడితే రెండేళ్లకోసారైనా ఈ ఆటకు తేదీ దొరుకుతుంది.