కూర్చోబెట్టే శాస్త్రం

మన పిల్లలు ఒళ్లు వంచడం లేదని కొందరు పెద్దమనుషులు తెగ బాధపడిపోతున్నారు. ఎదిగే వయసు పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు చెమట పట్టేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 2019లో ఆ సంస్థ పరిశోధకులే 146 దేశాల లెక్కలు తీసి, 11 నుంచి 17 ఏళ్ల వాళ్లలో 81 శాతం మందికి ఆ గంట కూడా దక్కడం లేదని తేల్చారు. ఇందులో బాధపడవలసిందేమిటో నాకు అంతుపట్టలేదు. లోకంలో చాలాచోట్ల అది బద్ధకం వల్ల దానంతటదే వచ్చిన ఫలితం. మన రెండు రాష్ట్రాల్లోని ఇంటర్మీడియట్ హాస్టల్ కళాశాలలు మాత్రం అదే ఫలితాన్ని క్రమశిక్షణతో, ఫీజు పుచ్చుకుని మరీ సాధిస్తున్నాయి. ఆ కృషికి తగిన గుర్తింపు రాలేదన్నదే నా ఆవేదన.

ఒకే వేళకు, ఒకే చోట, ఒకే సంకేతం వినగానే ఒకే పని చేస్తూ పోతే, కొన్నాళ్లకు అది ఆలోచించకుండానే జరిగిపోతుందని మనస్తత్వ శాస్త్రం చెబుతుంది. లండన్‌లో ఒక విశ్వవిద్యాలయం వారు 96 మందిపై చేసిన పరిశీలనలో, అలవాటు కుదరడానికి మామూలుగా 66 రోజులు, త్వరగా పట్టుబడే వాళ్లకు 18, మొండిఘటాలకు 254 రోజులు పడుతుందని అంచనాకు వచ్చారు. ఇక మా మేనల్లుడి కళాశాలను చూడండి: వేకువన అయిదింటికి మోగిన గంట రాత్రి పదిన్నర స్టడీ అవర్ దాకా మోగుతూనే ఉంటుంది, అదే గది, అదే బెంచీ, అదే పని, అనగా కూర్చోవడం. కోర్సు రెండేళ్లది కనుక 254 రోజుల మొండివాడికి కూడా రెండుమార్లు అలవాటు చేయించేంత వ్యవధి ఉంది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్నారు పెద్దలు. కూర్చుని చదివితే కొండంత ర్యాంకు వస్తుందని సవరించుకున్నాం మనం.

అయితే ఘనతంతా కళాశాలలకే కట్టబెట్టడం అన్యాయం, ఎందుకంటే పునాది బడిలోనే పడుతుంది. టైంటేబుల్లో శుక్రవారం చివరి పీరియడ్ ఎదురుగా ‘ఆటలు’ అని ఉంటుంది, సరిగ్గా ఆ వేళకే లెక్కల సారు సిలబస్ మిగిలిపోయిందంటూ చాక్‌పీసు పట్టుకుని ప్రవేశిస్తారు, పీఈటీ సారు స్టాఫ్‌రూంలో హాజరు రిజిస్టర్లకు గీతలు కొడుతూ ఉండిపోతారు. హోంవర్క్ చేయనివాడికి గుంజీలు, ఆలస్యంగా వచ్చినవాడికి గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు. అల్లరి చేస్తే ఆట బంద్, పాఠం అప్పజెప్పకపోతే పరుగు. పరుగును శిక్షగాను, ఆటను లంచంగాను వాడే ఈ పద్ధతిలో ఏ పిల్లవాడికైనా వ్యాయామం అనగానే మోకాళ్ల నొప్పితో పాటు అవమానం కూడా గుర్తుకు వస్తుంది. ఆడపిల్లల విషయంలో ఇంత శ్రమ కూడా అక్కర్లేదు, ఎనిమిదో తరగతిలో “ఇంకా నీకు ఆటలేమిటే?” అన్న ఒక్క మాట చాలు. పైన చెప్పిన లెక్కల్లో అబ్బాయిలు 78 శాతం దగ్గర ఆగిపోగా, అమ్మాయిలు 85 శాతంతో ముందున్నారు. పరీక్షా ఫలితాల్లో లాగానే ఇక్కడా వారిదే పైచేయి.

పనిని ఇష్టంగా చేయాలంటే అది తాను ఎంచుకున్నదై ఉండాలని, తనకు చేతనవుతున్నట్టు తోచాలని, పక్కన తనవాళ్లుండాలని డెసి, రయాన్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు సిద్ధాంతం కట్టారు. మా బావగారు అంత దూరం వెళ్లలేదు. పదో తరగతి సెలవుల్లో కొడుకు చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారం కట్టి, పదివేల అడుగులకు యాభై రూపాయలని ప్రకటించారు. నాలుగు రోజులు సజావుగానే నడిచింది. అయిదో రోజున ఆ గడియారం పక్కింటి పసిబిడ్డ ఉయ్యాలకు వేలాడుతూ మా అక్కయ్య కంటబడింది. బిడ్డ నిద్రపోతోంది, అడుగులు పడుతున్నాయి, మావాడు మంచం మీద ఫోన్ చూసుకుంటున్నాడు. బొమ్మలు వేసుకునే పిల్లలకు బహుమతి ఇస్తామని ముందే చెబితే, తర్వాత వాళ్లు ఆ బొమ్మల మీద గడిపే సమయం దాదాపు సగానికి పడిపోయిందని 1973లోనే ఒక ప్రయోగంలో తేలింది. బావగారి ప్రయోగంలో అది సున్నాకు చేరింది.

కళాశాలలో చేర్పించిన రోజున, ఆటస్థలం ఎక్కడని అడిగాను. ఇన్‌ఛార్జి గారు కరపత్రం మీది పచ్చని మైదానం బొమ్మను ఆప్యాయంగా చూపించారు. భవనం అయిదంతస్తులది, చుట్టూ మోటారు సైకిళ్లు.

మొన్న అవుటింగ్‌కు వచ్చినప్పుడు మావాడు ఒక సంగతి చెప్పాడు. స్టడీ అవర్ మధ్యలో నలుగురు కలిసి వరండాలో పరీక్ష అట్టతో, ఉండచుట్టిన రఫ్ కాగితంతో క్రికెట్ ఆడారట. ఎవరూ ఆడమనలేదు, పైసా ఇస్తామనలేదు, స్కోరు మాత్రం గోడ మీద పెన్సిలుతో గీశారు. రెండో ఓవర్లో వార్డెన్ పట్టుకుని, అయిదంతస్తుల మెట్లూ పదిసార్లు ఎక్కి దిగమన్నాడు. “ఆ రాత్రి భలే నిద్ర పట్టింది మామయ్యా” అన్నాడు.

మర్నాడు మా అక్కయ్య ఫోన్‌కు కళాశాల నుంచి సందేశం వచ్చింది: ‘మీ అబ్బాయి కుదురుగా కూర్చోవడం లేదు. వెంటనే వచ్చి కలవగలరు.’