జిస్ట్: మాత్ర మానేస్తే తిరగబెట్టే కడుపు గడ్డ

కడుపులో క్యాన్సర్ గడ్డ అని తెలియగానే చిత్తూరు వైపు ఇళ్లలో ముందు జరిగేది ఒకటే. పేషెంటును వరండాలో కూర్చోబెట్టి, కొడుకు లోపలికెళ్లి 'ఇంకెన్నాళ్లు సార్' అని అడుగుతాడు. గడ్డ ఏ రకమో తేలకుండా ఆ ప్రశ్నకు జవాబు లేదు. ముఖ్యంగా అది జిస్ట్ (గ్యాస్ట్రో ఇంటెస్టైనల్ స్ట్రోమల్ ట్యూమర్, జీర్ణకోశం గోడలో పుట్టే గడ్డ) అయితే, మామూలు కడుపు క్యాన్సర్ లెక్కలేవీ దానికి వర్తించవు.

జిస్ట్ అరుదైనది. ఏటా పది లక్షల మందిలో 10 నుంచి 15 మందికి వస్తుంది. అందులో సగానికి పైగా పొట్టలోనే. మామూలు క్యాన్సర్ కడుపు లోపలి పొరలో పుడుతుంది. ఇది గోడ కండరంలో, పేగుల కదలికకు లయ కట్టే కజాల్ కణాల జాతి నుంచి మొలుస్తుంది. అందుకే చాలాకాలం నొప్పి తెలియదు. రక్తం కొద్దికొద్దిగా కారుతుంది, మనిషి పాలిపోతాడు, మెట్లెక్కితే ఆయాసం. రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలు రాస్తారు. ఆ మాత్రలకు విరేచనం నల్లబడుతుంది కాబట్టి, అసలు రక్తం వల్ల వచ్చిన నలుపు కూడా వాటి ఖాతాలోకే పోతుంది. జిగటగా, తారులా, దుర్వాసనతో ఉంటే అది ఐరన్ నలుపు కాదు, ఎండోస్కోపీ చేయించాల్సిందే.

అక్కడా ఒక తిరకాసుంది. గడ్డ కింది నుంచి ఉబ్బినా పైపొర నున్నగానే ఉంటుంది. పైపైన గిల్లిన ముక్కలో ఏమీ దొరకదు. 'బయాప్సీలో క్యాన్సర్ లేదు' అన్న కాగితం పట్టుకుని ఇంటికొచ్చేస్తారు. జనం ఆలస్యంగా వస్తారని నిందించడం మనకు అలవాటు. ఇక్కడ మాత్రం వేళకు వచ్చినవాళ్లను కూడా ఆ కాగితమే వెనక్కి పంపుతోంది. లోపలి నుంచి సూదితో ముక్క తీసి, జిస్ట్ కణాలను పట్టించే సీడీ 117 అనే ప్రోటీన్ కోసం పరీక్ష చేస్తే చాలా వరకు పేరు తేలుతుంది.

పేరు తేలితే మిగతా కథ చాలా వరకు ఆశాజనకమే. గడ్డ ఉన్న భాగం వరకు కోసి తీస్తే చాలు. చాలామందికి కడుపంతా తీసేయనక్కర్లేదు. గడ్డ మాత్రం పగలకూడదు, పగిలితే ముప్పు పెరుగుతుంది. సైజు, కణాలు చీలే వేగం, పుట్టిన చోటు, ఈ మూడింటిని బట్టి భవిష్యత్తు అంచనా వేస్తారు. పేగులో పుట్టినదానికంటే పొట్టలోది నయం.

2000కు ముందు, పాకిన జిస్ట్‌కు కీమో దాదాపు పనిచేసేది కాదు. ఈ గడ్డల్లో చాలావాటిలో కిట్ అనే జన్యువు చెడి ఉంటుందని 1998లో జపాన్ పరిశోధకులు కనుక్కున్నారు. ఆ లోపాన్నే అడ్డుకునే ఇమాటినిబ్ మాత్ర వచ్చాక పాకిన జబ్బుతోనూ ఏళ్ల తరబడి బతికేవాళ్లున్నారు. ముప్పు ఎక్కువున్నవాళ్లు ఆపరేషన్ తర్వాత మూడేళ్లు వాడితే అయిదేళ్లకు 92 శాతం మంది బతికున్నారు. ఏడాదితో ఆపినవాళ్లలో అది 82 శాతమే. ఇమాటినిబ్‌ను గ్లీవెక్ పేరుతో అమ్మే కంపెనీ అడిగిన పేటెంటును 2013లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. నెలకు లక్ష దాటే ఆ మందు, జనరిక్ రూపంలో అందులో పదో వంతుకు అటూఇటూగా దొరకడానికి అడ్డు లేకుండా పోయింది. చిత్తూరు మామిడి రైతుకు పేటెంటు చట్టంతో ఏం పని అనుకుంటాం గానీ, ఉంది.

ఇంత ఉన్నా దెబ్బ తగిలేది మధ్యలో మానేసేటప్పుడే. పొద్దున లేచేసరికి కళ్ల చుట్టూ వాపు, పిక్కలు పట్టేయడం, వికారం. 'మందు పడలేదు' అని ఇంట్లోనే తీర్మానించి ఆపేస్తారు. అన్నం తిన్నాక నిండు గ్లాసు నీళ్లతో వేసుకుంటే వికారం చాలా వరకు తగ్గుతుంది. కంటి వాపు సాధారణంగా ప్రమాదం కాదు. పాకిన జబ్బులో మాత్ర ఆపితే చాలామందికి నెలల్లోనే తిరగబెడుతుంది. ఆపరేషన్ రోజు ఊరంతా పలకరించడానికి వస్తుంది, రెండో ఏడు మాత్రలు అయిపోయాయా అని అడిగేవాళ్లు ఉండరు.

ఒకప్పుడు పెద్ద జబ్బంటే వేలూరు బస్సే. ఇప్పుడు తిరుపతిలోనే స్విమ్స్ ఆస్పత్రి ఉంది, 2022లో టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆస్పత్రి కూడా వచ్చింది. ఇక అడగాల్సింది జన్యు పరీక్ష గురించి. కిట్ జన్యువులో ఎక్సాన్ 11 అనే భాగంలో లోపముంటే ఇమాటినిబ్ బాగా పనిచేస్తుంది. పీడీజీఎఫ్‌ఆర్‌ఏ అనే మరో జన్యువులో వచ్చే డీ842వీ రకం లోపమైతే దాదాపు పనిచేయదు. మూడేళ్ల మందు మొదలుపెట్టే ముందే ఈ పరీక్ష జరగాలి, దాని ఖర్చు పేషెంటు జేబు మీద పడకూడదు.