మూడు సెంట్ల ముప్పు

ఊరికి తూర్పున డొంక దాటాక ఉన్న 8 ఎకరాల ముక్కలో సర్వేయరు భూమి కొలిచే రోవర్ నిలబెట్టిన మధ్యాహ్నం నుంచి మా ఊళ్లో పర్యావరణ స్పృహ అమాంతం పెరిగిపోయింది. ఆ ముందు రోజు దాకా ఆ ముక్కలో సంక్రాంతి మూడు రోజులూ కోళ్లు, మిగతా ఏడాదంతా ఖాళీ సీసాలు ఉండేవి. ఇప్పుడది పచ్చని పంటపొలం, పక్షుల ఆవాసం, భూగర్భ జలాలకు పుట్టినిల్లు. అక్కడ నెమళ్లు తిరుగుతాయని ఒకాయన తహశీల్దారుకి అర్జీ కూడా రాసిచ్చాడు. ఆ కూత ఆయన ఫోను రింగ్‌టోనని గిట్టనివాళ్లు అంటారు. నేను నమ్మను.

ఊరి పేరు రాయను. గుంటూరుకీ విజయవాడకీ మధ్య, హైవేకి కాస్త లోపలగా ఉంటుందని మాత్రం చెబుతాను. పేరు రాస్తే "అదుగో, కాలనీ వచ్చే ఊరు" అంటారు, గజం రేటు పడిపోతుంది, ఆ పాపం నాకెందుకు. జరిగిందేమిటంటే, ఇల్లు లేనివాళ్లకి పల్లెల్లో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు సెంట్లు ఇస్తామన్న ప్రభుత్వం మాట మా ఊరి దాకా వచ్చింది. రోడ్లకీ ఖాళీ జాగాకీ పోను ఆ ముక్కలో 160 ఇళ్లు పడతాయని లెక్క తేల్చారు. అంతే, పెద్దలంతా ఒక్కటైపోయారు. పంచాయతీ ఎన్నికలప్పటి నుంచి ఎడమొహం పెడమొహంగా ఉన్న రెండు పార్టీల వాళ్లు రామాలయం అరుగు మీద ఒకే జంపఖానా పరుచుకుని కూర్చుని, కాలనీ వద్దంటూ కమిటీ వేసుకున్నారు. ఇళ్లు కట్టకముందే ఊళ్లో ఐకమత్యం సాధించిన పథకం ఇంకోటి ఉందేమో నాకు తెలియదు.

మా పెద్దలు పేదల విషయంలో మొదటి నుంచీ సున్నిత హృదయులు. 2020 డిసెంబరు 25న అప్పటి ప్రభుత్వం పట్టాల పంపిణీ మొదలుపెట్టినప్పుడు పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు అన్నారు. అప్పుడు వీళ్ల గుండె తరుక్కుపోయింది. "72 గజాల్లో మనిషన్నవాడు ఎలా కాపురం చేస్తాడండీ? మా గేదెల కొట్టం అంతకన్నా పెద్దది. ఇది పేదవాణ్ణి అవమానించడమే" అన్నారు. ఆ అవమానం జరక్కుండా స్థలం రాకుండానే చేశారు. ఇప్పుడు సరిగ్గా రెట్టింపు, 145 గజాలు ఇస్తామంటే అదే గుండె మళ్లీ తరుక్కుపోయింది. "మూడు సెంట్లా? బంగారం లాంటి భూమిని ఇలా పంచుకుంటూ పోతే రేపు తిండిగింజలు ఎక్కణ్ణుంచి వస్తాయండీ?" మరి రెండుంబావు అయితే మీకు సమ్మతమేనా అని అడిగిన వార్డు మెంబరు కుర్రాణ్ణి మైకు దగ్గర్నుంచి పక్కకి తీసుకెళ్లి మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టారు.

తిండిగింజల మీద బెంగ నన్ను నిజంగా కదిలించింది. ఊరికి పడమర 40 ఎకరాల మాగాణిలో తెల్లరాళ్లు పాతి చాలా ఏళ్లయింది. ఆర్చి ఉంది, ఆర్చి మీద సింహాలున్నాయి, లోపల ఫౌంటెన్ ఉంది, రాత్రంతా వెలిగే దీపాలున్నాయి. మనిషి లేడు. ప్లాట్లన్నీ అమ్ముడుపోయాయి, ఒక్క ఇల్లూ లేవలేదు. రాజధాని ప్రకటించినప్పుడు వాటి రేటు లేచింది, 2019 తర్వాత పడుకుంది, 2024 తర్వాత మళ్లీ లేచి కూర్చుంది. ఈ లేవడాలూ పడుకోవడాలూ తప్ప అక్కడ ఇంకే పంటా పండలేదు. ఆ రాళ్లకి మాత్రం ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. చెప్పడానికేముంది? రాయి రేషను కార్డు అడగదు, వీధి కుళాయి అడగదు, పంచాయతీలో రిజర్వేషను అడగదు, ఎన్నికలొస్తే ఓటు వెయ్యదు. మా ఊరికి ఎలాంటి కొత్త కాపురాలు కావాలో ఆ 40 ఎకరాలు చూస్తే అర్థమవుతుంది.

గ్రామసభలో మాట్లాడిన ప్రతివాళ్లూ పేదలు ఎక్కడున్నా బాగుండాలని కోరుకున్నారు. 'ఎక్కడున్నా' అన్న చోట కాస్త ఒత్తి పలికారు.

అభ్యంతరాల్లో మొదటిది వరద. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగినప్పుడు, ఆ వెంటనే ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు మా ఊరి వాళ్లు పులిహోర పొట్లాలు కట్టి, పాల ప్యాకెట్లు ట్రాక్టర్లలో వేసుకుని వెళ్లారు. ఇందులో వెటకారం లేదు, వెళ్లారు, నడుం లోతు నీళ్లలో దిగి పంచారు. నీళ్లలో ఉన్నవాళ్లంటే మా ఊరికి ఎప్పుడూ జాలే. ఆ అనుభవంతోనే ఒక రిటైర్డ్ ఇంజినీరు గారు, 160 ఇళ్లు లేస్తే వాననీరు ఎటు పోతుందో బాణం గుర్తులతో పటం గీసుకొచ్చారు. బాణాలన్నీ తిరిగి తిరిగి ఆయన ఇంటి పెరట్లోకే వచ్చాయి. "సార్, వాగుకి అడ్డం పడింది పడమటి వెంచర్ ప్రహరీ కదండీ" అని వెనకనుంచి ఎవరో అన్నారు. "అది అప్రూవ్డ్ లేఅవుటయ్యా" అన్నారాయన. నీళ్లు అప్రూవల్ కాగితం చూసి పక్కకి తప్పుకుంటాయన్న సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

నిజానికి ఆ ముక్క మీద అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అది పల్లం. పైగా నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. మామూలు పునాది వేసి గోడ లేపితే ఆ గోడ నాలుగు వానాకాలాలు గడిచేసరికి నోరు తెరుస్తుంది. కాబట్టి ముందు మెరక తోలాలి, పునాది లోతుగా తియ్యాలి, ఆ ఖర్చు ఎవరు పెడతారో తేల్చాలి. ఇంతకు ముందు రాష్ట్రంలో చాలాచోట్ల చౌక భూమి చూసి పల్లంలో పట్టాలిచ్చారనీ, దానికి ఖరీదు మాత్రం మెరక భూమికిచ్చినట్టు ఇచ్చారనీ ఆరోపణలొచ్చాయి. రాజమహేంద్రవరం దగ్గర నీళ్లు నిలిచే ఆవ భూముల గొడవ కోర్టు దాకా వెళ్లింది. రేపు అక్కడ కాపురం ఉండబోయేవాళ్ల తరఫున గట్టిగా నిలదియ్యాల్సింది ఇదే. మా సభలో ఈ ఒక్క మాటా ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే అది పల్లమని మినిట్స్ పుస్తకంలోకి ఎక్కుతుంది. ఎక్కితే ఎకరాకి వచ్చే ధర తగ్గుతుంది. ఆ ముక్క కమిటీ అధ్యక్షుల వారి బావమరిదిది. కాలనీ రాకూడదు, తప్పక వస్తే మంచి రేటుకి రావాలి. ఇంతకన్నా సమతూకమైన వైఖరి నేను ఏ పార్టీలోనూ చూడలేదు.

తర్వాత వాస్తు. ఈశాన్యం ఖాళీగా ఉండాలి గనక అటు బరువు పడకూడదన్నారు సిద్ధాంతి గారు. పోనీ నైరుతిలో పెడదామంటే, అక్కడున్నవాళ్లు ఊరి మీద పైచెయ్యి అవుతారట. ఆగ్నేయమైతే అగ్ని భయం, వాయవ్యమైతే నిలకడ ఉండదు. అన్ని దిక్కులూ పోను ఇక మిగిలింది పక్క ఊరు. వాడ ఎక్కడ ఉండాలో మన పెద్దలు గాలి ఎటు నుంచి ఎటు వీస్తుందో చూసి మరీ పెట్టారని, దాన్ని మనం చెదరగొట్టకూడదని ఆయన ముగించారు. సభలో వెనక వరసలో కూర్చున్న వాడ వాళ్లు కూడా ఆ గాలి సంగతి తమకు బాగా తెలుసన్నట్టు తలలూపారు.

బడి మీద భారం పడుతుందన్నది ఇంకొకటి. మా ప్రాథమిక పాఠశాలలో పిల్లలకన్నా కిటికీలెక్కువ. పిల్లలు లేరని బడి ఎప్పుడు ఎత్తేస్తారోనని హెడ్‌మాస్టారు టెన్షన్ పడుతుంటే, కాలనీ వస్తే పిల్లలు ఎక్కువైపోతారని కమిటీకి టెన్షన్. కమిటీ వాళ్ల మనవలెవరూ ఆ బడిలో లేరు, పొద్దున్నే పసుపు బస్సులెక్కి గుంటూరు వైపు పోతారు. రెండు పసుపు బస్సులు ఎదురెదురు పడితే మా సెంటర్లో అరగంట ఎవరూ కదలరు. ట్రాఫిక్ మీద అభ్యంతరం కూడా అర్జీలో చేర్చారు. కాలనీ వాళ్ల సైకిళ్లు పెరుగుతాయట.

పోరాటానికి దారి అమరావతి చూపించింది. 2023 మే 26న వెంకటపాలెంలో సుమారు 50 వేల మందికి, రాజధాని ప్రాంతంలో పేదల ఇళ్ల కోసం పెట్టిన ఆర్-5 జోన్‌లో సెంటు చొప్పున పట్టాలిచ్చారు. ఆగస్టులో ఇళ్ల నిర్మాణం మీద హైకోర్టు స్టే ఇచ్చింది. అక్కడి రైతుల గోడు వేరు. రాజధాని కడతామంటే భూ సమీకరణలో (పూలింగ్‌లో) 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చినవాళ్లు. దేనికోసం ఇచ్చామో దానికి కాకుండా వేరేదానికి వాడుతున్నారన్నది వాళ్ల వాదన. మావాళ్లు ఎవరికీ ఒక్క సెంటు ఇచ్చింది లేదు. డొంక వైపు గట్టు కాస్త జరుపుకున్నవాళ్లు కూడా కొందరున్నారు. అయినా వాదన మాత్రం అక్కణ్ణుంచి ఉన్నదున్నట్టు తెచ్చుకున్నారు. కాగితంలో 'రాజధాని' అని ఉన్న చోటల్లా కొట్టేసి 'మా గ్రామం' అని రాసుకున్నారు. ఒక్క చోట కొట్టెయ్యడం మర్చిపోయారు. ఆ పేరా ప్రకారం మాది ప్రపంచ స్థాయి రాజధాని.

ఊరి మీద అందరికన్నా ఎక్కువ బెంగ డాలస్‌లో ఉంది. ఊరి వాట్సాప్ గ్రూపులో అక్కడున్న మా ఊరి అబ్బాయి నుంచి రోజూ వాయిస్ మెసేజ్‌లు. "బాబాయ్, మన ఊరు ఊరులాగే ఉండాలి బాబాయ్. రేపు పిల్లల్ని సంక్రాంతికి తీసుకొస్తే ఏం చూపిస్తాం?" ఆ అబ్బాయి ఉంటున్నది నిన్నమొన్నటి దాకా గడ్డి మైదానంగా ఉన్న చోట ఒకే అచ్చులో పోసినట్టు కట్టిన ఇళ్లలో ఒకదాంట్లో. నలుగురు తెలుగువాళ్లున్నారని వెళ్లాడు, ఇంకో నలుగుర్ని పిలిచాడు, అందరూ కలిసి గుడి కట్టుకున్నారు. అక్కడి పాత కాపురస్థులు వాళ్ల పిల్లలకి ఏం చూపించుకుంటున్నారో గ్రూపులో ఎవరూ అడగలేదు. ఇక్కడ ఊళ్లో అతనికి మూడంతస్తుల మేడ ఉంది, లిఫ్టుతో సహా. ఏడాదిలో వారం రోజులు తెరుస్తారు. మిగతా రోజులు మెట్ల కింద గదిలో వాచ్‌మన్, భార్య, ఇద్దరు పిల్లలు ఉంటారు.

ఆ వాచ్‌మన్ పేరు లబ్ధిదారుల జాబితాలో ఉంది. జాబితా గ్రామ సచివాలయం గోడకి అంటించేదాకా, ఎక్కడెక్కడి వాళ్లో దిగబడి ఊరి సంస్కృతి పాడు చేస్తారని మేం నిద్రపోలేదు. తీరా చదివితే ఒక్క పేరూ కొత్తది కాదు. మా ట్రాక్టరు తోలేవాడు, కాలవలు తీసేవాడు, టిఫిన్ బండి ఆవిడ, కమిటీకి ఫ్లెక్సీలు కట్టిన కుర్రాడు, మా అంట్లు తోమే మనిషి. అందరూ ఊళ్లోనే ఉన్నారు, ఒక్కో రేకుల షెడ్డులో రెండు మూడు కాపురాలుగా. మీదికొచ్చే ప్రమాదం ఇప్పటికే మా వంటింట్లో ఉందన్నమాట. ఆ అంట్లు తోమే మనిషే సభలో లేచింది. "బాబూ, మీ తాళాలు నా దగ్గరే ఉంటాయి గదా. నేనొచ్చి ఆ డొంకవతల ఉంటే మీ సొమ్మేం పోయిందంట?" అంది. ప్రశ్న అజెండాలో లేదని పంచాయతీ కార్యదర్శి గారు నమోదు చేసుకోలేదు.

ఊరి అంచున ఇళ్లంటేనే మాకు గిట్టదని ఎవరైనా అనుకుంటే అది అన్యాయం. ఏటా మిరపకాయ కోతలకి కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి, అంటే కూలికి వలస వస్తాయి. పిల్లాపాపలతో పొలం గట్ల మీద ప్లాస్టిక్ పరదాలతో గుడిసెలు వేసుకుంటారు. కరెంటుండదు, దొడ్డి ఉండదు, నీళ్లు బోరు దగ్గర దయ ఉంటే దొరుకుతాయి. ఆ గుడిసెలకి లేఅవుట్ అప్రూవల్ అడిగినవాడు లేడు, వాస్తు చూసినవాడు లేడు, నెమళ్లు బెదురుతాయని అన్నవాడు లేడు. కాయ గుంటూరు యార్డుకి చేరగానే వాళ్లే పీక్కుని పోతారు. గృహనిర్మాణంలో మా ఊరికి నచ్చిన నమూనా అదే. ప్రభుత్వం ఒక్కసారి వచ్చి అధ్యయనం చేస్తే బాగుండును.

చివరికి రెండు అర్జీలు తయారయ్యాయి. ఇళ్ల స్థలాలు ఇక్కణ్ణుంచి ఇరవై కిలోమీటర్ల అవతల ఏ కొండ పక్కనో చూడమని మొదటిది. అక్కణ్ణుంచి పొద్దున్నే ఆరింటికల్లా పనివాళ్లని మా సెంటర్లో దింపేలా ఒక పల్లెవెలుగు బస్సు వెయ్యమని రెండోది. మొదటి దాని మీద అందరూ ఒక్క నిమిషంలో సంతకాలు పెట్టారు. రెండోది మాత్రం రాత్రి దాకా తెగలేదు. తిరుగు బస్సు సాయంత్రం ఆరింటికి చాలని కొందరు, చీకటి పడ్డాక బయటివాళ్లు ఊళ్లో ఎందుకని వాళ్ల వాదన. రాత్రి భోజనాల గిన్నెలు ఎవరు తోముతారండీ, తొమ్మిదిన్నర చెయ్యండని వాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లు. ఆఖరికి ఆ గడి ఖాళీగా వదిలేశారు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు గనక రెండూ కలిపి పట్టుకెళ్లాలని నిర్ణయం. అధ్యక్షుల వారి కారు సిద్ధంగానే ఉంది, డ్రైవరే ఆ రోజు రానన్నాడు. జాబితాలో అతని ఇంటిపేరు తప్పు పడిందట, సరి చేయించుకోవడానికి సచివాలయానికి వెళ్లాలట.