బతికి వచ్చినవాళ్లకీ చోటివ్వండి

మొన్న మన సంఘం ఆగస్టు 15 వేడుకల్లో కుర్రాళ్లు వేసిన నాటిక మీరంతా చూసే ఉంటారు. శత్రువులు చుట్టుముట్టిన పోస్టు, అయిపోయిన తూటాలు, ఒక్కొక్కరే నేలకొరగడం, చివర్లో జెండా. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. తర్వాత భోజనాల లైన్లో, కూతురి దగ్గరికి వచ్చిన ఒక రిటైర్డ్ సుబేదార్ గారు, 1971 యుద్ధం చూసినాయన, నాటిక రాసిన అబ్బాయిని పిలిచారు. "బాగా చేశారు బాబూ. మరి ఒక్కడైనా మిగల్లేదా?" అన్నారు. "ఎవరైనా మిగిలితే ఎఫెక్ట్ ఉండదు అంకుల్" అన్నాడతను. ఆయన ఇంకేమీ అనకుండా ప్లేటు పట్టుకుని పక్కకి వెళ్లిపోయారు. రిహార్సల్స్ జరిగినన్నాళ్లూ ఆయన ఈ ఊళ్లోనే ఉన్నారు. ఎవరూ వెళ్లి ఒక్క మాట అడగలేదు.

ఆ అబ్బాయొక్కడినే అని లాభం లేదు. హాలీవుడ్ చేసిందీ ఇదే. 1941 డిసెంబరులో పసిఫిక్ మహాసముద్రంలో అమెరికా స్థావరమైన వేక్ దీవిని కొన్ని వందల మంది అమెరికన్ మెరైన్ సైనికులు రెండు వారాలు కాపాడారు. 11వ తేదీన దిగబోయిన జపాన్ దళాన్ని తిప్పికొట్టి, రెండు డిస్ట్రాయర్ యుద్ధనౌకలను ముంచేశారు. ఏడాది తిరక్కుండానే పారమౌంట్ సంస్థ 'వేక్ ఐలాండ్' సినిమా విడుదల చేసింది. దర్శకుడు జాన్ ఫారో కాలిఫోర్నియా ఎడారిలో, సాల్టన్ సీ ఒడ్డున ఆ దీవిని సృష్టించాడు. చివర్లో మెరైన్ మేజరూ, కన్‌స్ట్రక్షన్ కాంట్రాక్టరూ ఒకే గోతిలో మెషిన్‌గన్ పేలుస్తూ ఉంటారు. అంతా వీరమరణమే అనిపిస్తుంది.

జరిగింది వేరు. ఆ డిసెంబరు 23న దీవి జపాన్‌కి లొంగిపోయింది. జనం థియేటర్లలో కన్నీళ్లు పెట్టుకుంటున్నప్పుడు, ఆ మెరైన్లలో చాలామంది జపాన్ శిబిరాల్లో ఖైదీలుగా బతికే ఉన్నారు. వాళ్లను నడిపించిన మేజర్ డెవరూ యుద్ధం ముగిశాక ఇంటికొచ్చి, తర్వాత అమెరికా చట్టసభ కాంగ్రెస్‌కి ఎన్నికయ్యాడు. జపాన్ వాళ్లు దీవిలోనే ఉంచేసిన 98 మంది నిర్మాణ కార్మికులను మాత్రం 1943 అక్టోబరులో కాల్చి చంపారు. సినిమా తీసేనాటికి ఆ ఘోరం ఇంకా జరగనే లేదు.

పెర్ల్ హార్బర్ నౌకాస్థావరం మీద జపాన్ దాడితో దెబ్బ తిన్న అమెరికాకి అప్పుడు ధైర్యం కావాలి. ఆ సినిమా ఆ పని చేసింది, కాదనను. మనకేం తొందర? ఫొటోకి దండ పడితే గానీ మనిషి గొప్పతనం ఒప్పుకోని అలవాటు మనకి ఇంటి దగ్గర్నుంచే ఉంది. 1962 చైనా యుద్ధంలో, లద్దాఖ్‌లోని రెజాంగ్ లా కనుమ నుంచి ప్రాణాలతో బయటపడ్డ కొద్దిమంది, మేజర్ షైతాన్ సింగ్ దళం ఎలా పోరాడిందో చెబితే మొదట చాలామంది నమ్మలేదు. చలికాలం పోయాక, మంచులో తుపాకులు పట్టుకునే ఉన్న శవాలు దొరికాకే నమ్మారు. బతికి రావడమే వాళ్లు చేసిన నేరమైంది.

కార్యవర్గానికి చేతులు జోడించి అడుగుతున్నాను. జనవరి 26 నాటికి మన సభ్యుల ఇళ్లలో సైన్యంలో పనిచేసిన తల్లిదండ్రులు ఎవరున్నారో కనుక్కోండి. ముఖ్య అతిథి ప్రసంగంలోంచి పది నిమిషాలు తగ్గించి మైకు వాళ్లకివ్వండి. నాటిక వేస్తే, రిహార్సల్ మొదలుపెట్టేముందే స్క్రిప్టు వాళ్లకి చదివి వినిపించండి. "ఇలా జరగదు" అంటే మార్చండి.