ఉపగ్రహానికి అమెరికా ఏంటి, ఆస్ట్రేలియా ఏంటి అట!

ఇంటికొచ్చి స్నానం చేసినా ఒళ్ళు మంట తగ్గలేదు, అందుకే రాస్తున్నా. మెల్‌బోర్న్ శివార్లలోని టార్నీట్‌లో బారసాలకి వెళ్ళాను. పులిహోర ప్లేటు పట్టుకుని ఓ పక్కన నిలబడితే, ఈ మధ్యే సెకండ్ హ్యాండ్ పడవ కొన్న ఓ తమ్ముడు వచ్చి జేబులోంచి పసుపుపచ్చ డబ్బా తీశాడు. పీఎల్‌బీ, అంటే పర్సనల్ లొకేటర్ బీకన్. సముద్రంలో ప్రాణం మీదకొస్తే యాంటెన్నా విప్పి బటన్ నొక్కాలి, ఉపగ్రహాల ద్వారా రెస్క్యూ వాళ్ళకి కబురు వెళుతుంది. "అక్కా, డాలస్ నుంచి మా బావ తెచ్చాడు, అక్కడ సేల్‌లో చాలా చవక. ఇంక నేనూ మీలాగే సోలోగా పడవ నడుపుతా" అన్నాడు.

తిప్పి చూశాను. వెనక లేబుల్ మీద పదిహేను అక్షరాల హెక్స్ ఐడీ, అంటే బీకన్ గుర్తింపు నంబరు ఉంటుంది, దేశం కోడ్ దాంట్లోనే. ఈయనది 2డీసీ అని మొదలైంది. అంటే అమెరికా. ఇక్కడివైతే బీఈఈ అనో 3ఈఎఫ్ అనో మొదలవుతాయి. "తమ్ముడూ, ఇది ఇక్కడ ఆమ్సాలో, అదే ఆస్ట్రేలియా సముద్ర భద్రతా సంస్థలో, రిజిస్టర్ అవ్వదు" అన్నాను. "ఉపగ్రహానికి అమెరికా ఏంటి, ఆస్ట్రేలియా ఏంటి అక్కా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒకటే నవ్వు. ఒక పెద్దాయనైతే "ఈ అమ్మాయి మరీ టెన్షన్ పార్టీ" అని సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. థాంక్యూ అంకుల్.

ఉపగ్రహానికి నిజంగానే తేడా లేదు. 406 మెగాహెర్ట్జ్‌లో ఎవరు అరిచినా వింటుంది. 1979లో అమెరికా, సోవియట్ యూనియన్, కెనడా, ఫ్రాన్స్ కలిసి పెట్టుకున్న కాస్పాస్-సార్సాట్ అనే ఉపగ్రహ రెస్క్యూ వ్యవస్థ అది. ప్రచ్ఛన్న యుద్ధం మధ్యలో కూడా వాళ్ళు ఈ ఒక్క విషయంలో చేతులు కలిపారు, మన అసోసియేషన్లు రెండు కలిసి ఒక్క ఉగాది చేయలేవు, సరే, అది వదిలేయండి. తేడా కింద ఉన్న మనిషికి. కాన్‌బెర్రాలో రెస్క్యూ సెంటర్ వాళ్ళు ఆ నంబరు పట్టుకుని రిజిస్టర్ తిరగేస్తారు. ఇక్కడ దొరకదు, అమెరికా వాళ్ళని అడగాలి. అక్కడా ఈయన పేరు లేదు, ఎందుకంటే బావగారు కొని సూట్‌కేసులో పడేశారంతే. పడవ ఏ రంగు, ఎంత పొడవు, ఎంతమంది ఉన్నారు, నిజంగా ఆపదా లేక పిల్లాడు నొక్కాడా, ఏదీ తెలియదు. ఇక్కడ ఇక్కడి కోడ్ ఉన్నది కొనుక్కుంటే రిజిస్ట్రేషన్ ఉచితం, రెండేళ్ళకోసారి వివరాలు సరిచూసుకోవాలి. ఉచితం! ఉచితంగా ఇస్తున్నా మనవాళ్ళు తీసుకోని వస్తువు ప్రపంచంలో ఇదొక్కటే.

ఆ రిజిస్ట్రేషన్‌లో ఎమర్జెన్సీ కాంటాక్ట్ అని ఇంకో గడి. ఎవరి నంబర్ ఇస్తావయ్యా అంటే గుంటూరులో నాన్నగారిదట. అర్ధరాత్రి తెలియని నంబరు నుంచి ఎవరో ఇంగ్లీషులో "మీ అబ్బాయి బీకన్ మోగుతోంది" అంటే ఆయన ఏం చేస్తారు? డిజిటల్ అరెస్టుల కాలం, మోసగాళ్ళనుకుని కట్ చేసి నంబరు బ్లాక్ చేస్తారు. ఆయన తప్పేముంది పాపం. నువ్వు ఎటు వెళ్ళావో, ఎప్పటికి రావాలో తెలిసినవాళ్ళ నంబరు ఇవ్వాలి.

తర్వాత బ్యాటరీ. పెట్టె మీద "ఏడేళ్ళు" అని పెద్ద అక్షరాలు. ఆ ఏడేళ్ళు నువ్వు కొన్న రోజు నుంచి కాదు నాయనా, తయారైన రోజు నుంచి. గడువు నెల, సంవత్సరం లేబుల్ మీద చిన్నగా కొట్టి ఉంటాయి. ఇక్కడే ఒక షాపువాడు నాకు సగం వయసు అయిపోయిన పీసు అంటగట్టబోయాడు. తేదీ చూపిస్తే "ఆన్ అవుతుంది కదా మేడమ్" అన్నాడు. పాలప్యాకెట్ మీద తేదీ చూసి గొడవపడే జాతి మనది, ప్రాణం కాపాడే డబ్బా మీద చూడం. పైగా చాలా మోడళ్ళలో బ్యాటరీ మనం మార్చుకోలేం, సర్వీసుకి పంపాలి, దానికయ్యే ఖర్చు చూస్తే కొత్తది కొనుక్కోవచ్చనిపిస్తుంది. సెల్ఫ్ టెస్ట్ బటన్ ఉంది కదా అని వచ్చినవాళ్ళందరికీ లైటు వెలిగించి చూపిస్తే ఉన్న బ్యాటరీ కూడా పోతుంది. జీపీఎస్ టెస్ట్ అయితే కొన్నిటికి ఇన్నిసార్లే అని లెక్క ఉంటుంది. బొమ్మా అది?

ఇక "కొత్త ఐఫోన్‌లో శాటిలైట్ ఎస్‌వోఎస్ ఉంది కదా అక్కా, ఇది కూడా దేనికి" అన్న ఇంకో మేధావికి. ఉంది. చాలా మంచిది, కొండల్లో దారి తప్పితే వాడుకో. ఇక్కడికీ టాస్మానియాకీ మధ్య ఉన్న బాస్ స్ట్రెయిట్‌లో చన్నీళ్ళలో పడి, వేళ్ళు కొంకర్లు పోయి, తడి స్క్రీన్ మీద "మీకేం జరిగింది?" అన్న ప్రశ్నకి ఆప్షన్ ఎంచుకుని, ఫోన్‌ని ఉపగ్రహం వైపు తిప్పి పట్టుకుని, అల వచ్చి మొహం మీద కొడుతుంటే జవాబులు టైప్ చేస్తావా? చేయి, చూస్తాను.

ఒంటరిగా వెళ్ళేవాళ్ళ లెక్కే వేరని ఎవరికీ పట్టదు. నలుగురున్న పడవలో ఒకరు నీళ్ళలో పడితే, దగ్గర్లోని పడవల స్క్రీన్ మీద మనిషి ఎక్కడున్నాడో రేడియోలో చూపించే ఏఐఎస్ బీకన్ మోగుతుంది, మిగిలిన ముగ్గురు స్క్రీన్ చూసి పడవ తిప్పుతారు. నేను పడితే? నా పడవ ఆటోపైలట్ మీద హాయిగా టాస్మానియా వైపు వెళ్ళిపోతుంది. ఏఐఎస్ కూతని నాలుగైదు మైళ్ళ లోపు ఇంకో ఓడ ఉంటేనే వింటారు. కాబట్టి ఉపగ్రహానికి చెప్పేది ఒంటి మీదే ఉండాలి, లైఫ్ జాకెట్‌కి కట్టి. క్యాబిన్ డ్రాయర్లో బిస్కెట్ ప్యాకెట్ పక్కన కాదు. ఏఐఎస్, పీఎల్‌బీ రెండూ ఒకే డబ్బాలో ఉన్నవి ఇప్పుడు వస్తున్నాయి, డబ్బులుంటే అవే కొనండి. యూరప్ వాళ్ళ గెలీలియో ఉపగ్రహాల ద్వారా "నీ సిగ్నల్ అందింది" అని లైటు వెలిగించే సదుపాయం 2020 నుంచి ఉంది. నీళ్ళలో ఒక్కత్తినే తేలుతున్నదానికి ఆ లైటు విలువ ఏంటో బారసాల ఫంక్షన్‌లో ఎవరికి అర్థమవుతుంది?

ఒంటి మీద పీఎల్‌బీ ఒక్కటే ఉన్నా చాలదు. పీఎల్‌బీ ఇరవై నాలుగు గంటలు మోగితే చాలని ప్రమాణం, పైగా యాంటెన్నా ఆకాశం వైపు ఉండేలా మనమే పట్టుకోవాలి. పడవకి వేరే ఈపర్బ్, అంటే పడవ కోసం ఉండే ఉపగ్రహ బీకన్ ఉండాలి, అది నలభై ఎనిమిది గంటలు మోగుతుంది, నీళ్ళలో తానే నిటారుగా తేలుతుంది. 2018 సెప్టెంబర్ 21న మన నేవీ అధికారి అభిలాష్ టామీ ఒంటరిగా వెళుతుంటే దక్షిణ హిందూ మహాసముద్రంలో మాస్ట్ (తెరచాప కొయ్య) విరిగింది, వెన్నెముక దెబ్బతిని లేవలేకపోయాడు. పెర్త్‌కి దాదాపు 1,900 నాటికల్ మైళ్ళు. మారిషస్ నుంచి వెళ్ళిన మన నేవీ విమానం పైనుంచి చూసింది, ఫ్రెంచి వాళ్ళ ఒసిరిస్ ఓడ వెళ్ళి తీసుకొచ్చేసరికి 24వ తేదీ. మూడు రోజులు! బటన్ నొక్కగానే హెలికాప్టర్ దిగడం సినిమాలో. 2022లో ఫిన్లాండ్ ముసలాయన టాపియో లెహ్టినెన్ పడవ నిమిషాల్లో మునిగితే, ఈపర్బ్ నీళ్ళు తగిలి తనంతట తానే మోగింది. ఆయనకి డ్రాయర్ తెరిచే టైమ్ ఉందా?

ఇదంతా చెబితే "అసలు ఆడపిల్లవి, ఒక్కదానివే ఎందుకు వెళ్ళడం" అంటారు. అసలు కోపం ఇక్కడ. మన కమ్యూనిటీకి నీళ్ళంటే రెండే తెలుసు. ఒకటి, ఫొటో. రెండు, శవం ఇండియాకి పంపడానికి చందాలు. 2024 జనవరిలో ఫిలిప్ ఐలాండ్ ఫారెస్ట్ కేవ్స్ దగ్గర, లైఫ్‌గార్డులు లేని బీచ్‌లో, నలుగురు భారతీయులు పోయారు. ఆ వారమంతా గ్రూపుల్లో కొవ్వొత్తులే. వాళ్ళని ఒక్క మాట అనను, ఎవరికైనా జరగచ్చు. కానీ ఆ వారమే నేను పిల్లలకి ఈత, పెద్దలకి లైఫ్ జాకెట్ల క్లాసు పెడదామంటే, "సంక్రాంతి ముగ్గుల పోటీ బడ్జెట్ అయిపోయింది, వచ్చే ఏడు చూద్దాం" అన్నారు ఒక కమిటీ పెద్దలు. ఆ వచ్చే ఏడు ఇంకా రాలేదు. ప్రీ వెడ్డింగ్ షూట్‌కి డ్రోన్ అద్దెకి తెస్తాం, అదే రాళ్ళ మీద పట్టుచీరలో నిలబెడతాం, మూడు నాలుగు వందల డాలర్ల బీకన్ దగ్గర మాత్రం డాలస్ బావ గుర్తొస్తాడు.

ఇంకొకటి, గడువు తీరిన బీకన్లని చెత్తబుట్టలో పడేయకండి. అక్కడ ఏదో తగిలి మోగితే రెస్క్యూ వాళ్ళు వెళ్ళి చెత్తకుప్పల్లో వెతుక్కోవాలి, అలా జరిగింది కూడా. తీసుకునే బ్యాటరీ షాపులున్నాయి, అక్కడివ్వండి.

కింద "లింక్ పెట్టండి అక్కా" అని రాయొద్దు, పెట్టను. షాపుకెళ్ళి డబ్బా తిప్పి నెల, సంవత్సరం, మొదటి మూడు అక్షరాలు మీరే చదువుకోండి. నిజంగా డౌటుంటే మెసేజ్ చేయండి, అర్ధరాత్రైనా చెబుతా. "స్మార్ట్ వాచ్ చాలదా" అన్నవాళ్ళని మాత్రం బ్లాకే.