ముందు ఆ నీళ్ళు పారబోయండి

పొద్దున్నే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. పిల్లాడి పుట్టినరోజుకి తాబేలు తెచ్చారట. "మొదటిసారి పెంచుతున్నాం, ఇంకేమేం కొనాలి?" అని అడిగారు. అడగడం మంచిదే. కానీ ఆ ఫొటోలో ఏముందో చూడండి. గాజు తొట్టెలో సగం దాకా నీళ్ళు, అడుగున నీలం రంగు గులకరాళ్ళు, అందులో నిమ్మకాయంత సల్కాటా పిల్ల. నేల మీద బతికే మెట్ట తాబేలు! ముక్కు నీటి పైకి పెట్టుకోవడానికి మెడంతా సాగదీసి, ముందు కాళ్ళు రెండూ గాజుకి ఆనించి నిలబడి ఉంది. ఆ ఫొటో కింద వరసగా ప్రేమ గుర్తులు. సలహాలేమో మూడు. "క్యాబేజీ వేస్తే చాలు." "ఉత్తరం వైపు పెట్టండి, వాస్తుకి మంచిది." "కుక్కలాగా కాదండి, దీనికేం పనుండదు."

ఏటండి ఇది? ప్రాణం ఉన్న జీవి గురించి నోటికొచ్చింది చెప్పేయడమేనా?

తెలుగులో అన్నిటికీ తాబేలు అనే ఒక్క మాట సరిపెట్టుకుంటాం, అక్కడే వస్తోంది చిక్కంతా. కాళ్ళు చూడండి చాలు. తెడ్డులా ఉంటే సముద్రానిది. వేళ్ళ మధ్య పొర ఉంటే చెరువుది. ఏనుగు కాలులా మొద్దుగా, పొలుసులతో ఉంటే నేలది, దానికి ఈత రాదు. మన విశాఖ బీచ్‌లో ఏటా అటవీ శాఖ వాళ్ళు ఆలివ్ రిడ్లే అనే సముద్ర తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదలడం చూసి చూసి, తాబేలంటే నీళ్ళలో ఉండాలని అందరికీ బుర్రలో పడిపోయింది. పెంచలేక విసుగొచ్చిన మెట్ట తాబేలుని పుణ్యమని తీసుకెళ్ళి అలల్లో వదిలేసేవాళ్ళూ ఉన్నారు. అది పుణ్యం కాదు, ముంచి చంపడం.

"పనుండదు" అన్నవాళ్ళకి ముందు జవాబు చెప్పాలి. సల్కాటా ఆఫ్రికాలో సహారా అంచున పుట్టే జాతి. ఎదిగిన మగది 40, 50 కిలోలు తూగుతుంది, అంటే సిమెంటు బస్తా. యాభై ఏళ్ళు దాటి బతుకుతుంది. ఎక్కడ మట్టి దొరికితే అక్కడ బొరియ తవ్వుతుంది. ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో పదేళ్ళ తర్వాత దీన్ని ఎక్కడ పెడతారు? పెరడు ఉన్న ఇల్లు, అడుగున్నర లోతు పునాది వేసి రెండడుగులు లేపిన గోడ, ఇవి లేకపోతే కొనకండి. కొట్టువాడు ఈ మాట చెప్పడు. పైగా "జోడీ తీసుకోండి, ఒకటి మగది ఒకటి ఆడది" అంటాడు. పిల్లప్పుడు ఆడా మగా చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు, డిప్ప అడుగు పొడవు దాటాలి. రెంటినీ ఒకే తొట్టెలో వేస్తే ఒకటి రెండోదాన్ని తోసేసి తిండి తిననివ్వదు.

మన దేశపు నక్షత్ర తాబేలు అయితే పెంచాలన్న ఆలోచనే వద్దు. 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించాక అది గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్లో ఉంది. పెంచితే 3 నుంచి 7 ఏళ్ళ జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. శ్రీకూర్మం గుడిలో ఉన్నాయి కదా అంటారు. గుడిలో ఉన్నాయని మన బాల్కనీకి హక్కు వచ్చేయదు. సల్కాటా విదేశీ జాతి కాబట్టి పెంచుకోవచ్చు, కానీ 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. అమ్మినవాడి దగ్గర కాగితాలు లేకపోతే అక్కడే ఆగిపోండి.

సరే, ఇప్పటికే తెచ్చేశారు కాబట్టి ఇల్లు సంగతి. అసలు ఇల్లు తయారయ్యాక తాబేలు రావాలి. వారం ముందే లైట్లు వేసి, వేడి ఎంతుందో రాత్రీ పగలూ కొలిచి చూసుకుని అప్పుడు తేవాలి. గాజు తొట్టె వద్దు. గాజు అవతల కనిపిస్తుంటే దారి ఉందనుకుని రోజంతా గుద్దుకుంటూనే ఉంటుంది. వడ్రంగి చేత నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు ప్లైవుడ్ పెట్టె చేయించండి. అడుగున నాలుగంగుళాలు కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు. 5 కిలోల బ్లాక్ 25 లీటర్ల నీళ్ళలో నానితే ఈ పెట్టెకి సరిగ్గా సరిపోతుంది. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది, రెండు మూడు నీళ్ళు పోసి కడిగి, గట్టిగా పిండి, అప్పుడు పరవండి. పిడికిట్లో నొక్కితే ముద్ద అవ్వాలి, నీరు కారకూడదు. ఇసుక వద్దు, ఆకుతో పాటు తినేసి పేగుల్లో గట్టిపడిపోతుంది.

ఈ తడి ఎందుకంటారా? పిల్లప్పుడు గాలిలో తేమ 80 శాతం దాకా లేకపోతే డిప్ప మీద పలకలు పిరమిడ్లలా పైకి లేచిపోతాయి. ఒకసారి లేచాయంటే మళ్ళీ దిగవు. విశాఖలో తేమకేం కొదవ అనుకుంటారు. నిజమే, కానీ పెట్టె ఉండేది ఏసీ గదిలో! ఏసీ ఆ తేమంతా లాగేస్తుంది. పైగా రాత్రి చలికి ముక్కులోంచి బుడగలు, నోరు తెరిచి ఊపిరి. చల్లదనం, తడి కలిస్తే ఊపిరితిత్తులు పాడైపోతాయి. తడి ఉండాలి, వేడి కూడా ఉండాలి.

పెట్టెలో ఒక మూల వేడినిచ్చే బల్బు కింద 35 నుంచి 38 డిగ్రీలు, రెండో మూల 28. రాత్రి 25కి తగ్గకూడదు. మన ఊళ్ళో వేసవిలో హీటర్ అక్కర్లేదు, డిసెంబరు, జనవరి రాత్రులకీ వాయుగుండం ముసురుకీ కావాలి. వెలుతురు లేకుండా వేడి ఒక్కటే ఇచ్చే సిరామిక్ హీటర్ తీసుకుని వేడిని తగినంతలోనే ఉంచే థర్మోస్టాట్‌కి తగిలించండి. యూవీబీ, అంటే ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు ఇచ్చే పొడవు ట్యూబు అడుగు, అడుగున్నర ఎత్తులో రోజుకి 12 గంటలు. ఏడాదికి ఒకసారి మార్చాలి, వెలుగుతూనే ఉన్నా సరే, ఎందుకంటే లోపల యూవీబీ ముందే తగ్గిపోతుంది. కిటికీ అద్దంలోంచి పడే ఎండ లెక్కలోకి రాదు, అద్దం యూవీబీని ఆపేస్తుంది. పొద్దున్న ఏడు, ఎనిమిది మధ్య ఎండ బంగారం. కానీ టబ్బులో పెట్టి, నీడ లేకుండా డాబా మీద వదిలేసి కాఫీకి లోపలికొస్తే, వెల్లకిలా పడి ఉడికిపోతుంది. సగం టబ్బుకి నీడ ఉండాలి, మనిషి పక్కనే ఉండాలి.

నీళ్ళు అక్కర్లేదని కాదు. గోరువెచ్చని నీళ్ళలో, పై డిప్పా కింది డిప్పా కలిసే గీత దాకా, రోజూ 15, 20 నిమిషాలు కూర్చోబెట్టాలి. తాగుతుంది, అందులోనే విసర్జిస్తుంది. తెల్లగా పేస్టులా వస్తే ఫర్వాలేదు, ఇసకలా గరుకుగా వస్తే ఒంట్లో నీరు తగ్గిందని అర్థం. పెట్టెలో పూలకుండీ కింద పెట్టే మట్టి పళ్ళెంలో లోతు లేకుండా తాగే నీళ్ళు ఉంచండి.

ఇక క్యాబేజీ! దీనికి కావలసింది పీచు. పీచుని పేగుల్లో పులియబెట్టుకుని బతికే జీవి ఇది. పదింట తొమ్మిది వంతులు గడ్డీ ఆకులే ఉండాలి. గరిక, మందార ఆకులు, మందార పూలు, మల్బరీ ఆకులు, ముళ్ళు తీసిన నాగజెముడు. గరిక ట్రేల్లో పెంచుకోండి, రోడ్డు పక్కది కుక్కలు తడిపింది, దుమ్ము పట్టింది. క్యాబేజీ రోజూ పెడితే థైరాయిడ్ దెబ్బతింటుంది. పాలకూర క్యాల్షియాన్ని కట్టేస్తుంది. మామిడి ముక్క, అరటిపండు పెడితే తీపికి కడుపు పాడై విరేచనాలు. అన్నం, బ్రెడ్డు, కుక్క బిస్కెట్లు అసలు వద్దు. గన్నేరు, ఉమ్మెత్త, ఆముదం ఆకులు విషం.

క్యాల్షియానికి పెద్ద ఖర్చేమీ లేదు. మన బీచ్‌లో కొట్టుకొచ్చే తెల్లటి సముద్రపు నురుగు, అదే మూలికల కొట్టులో కూడా దొరుకుతుంది, అది కటిల్ చేప ఎముకే. మంచినీళ్ళలో మూడు రోజులు, నీళ్ళు మారుస్తూ నానబెట్టి ఉప్పు పోగొట్టి, ఎండబెట్టి పెట్టెలో పడేయండి. కావలసినంత అదే కొరుక్కుంటుంది. ఇంత తేలికైన పని చేయక, డిప్ప మెత్తబడి, కాళ్ళు లేవక పాక్కుంటూ పోయే తాబేలు పిల్లల్ని చూస్తే గుండె తరుక్కుపోతుంది.

డాక్టరుని ఇప్పుడే వెతుక్కోండి. తాబేళ్ళకి చూస్తారా అని సూటిగా అడగండి. ఒక్క మందు పేరు గోడ మీద రాసి పెట్టుకోండి: ఐవర్‌మెక్టిన్. కుక్కలకీ పశువులకీ పురుగుల కోసం ఇచ్చేది, తాబేలుకి ప్రాణాంతకం. ముట్టుకున్నాక పిల్లాడి చేత సబ్బుతో చేతులు కడిగించండి, దాని ఒంటి మీద సాల్మొనెల్లా అనే రోగక్రిమి ఉండొచ్చు. వంటింటి సింకులో దాన్ని కడగొద్దు.

ఈ వాస్తు మాటకి మాత్రం నా ఒళ్ళు మండిపోతుంది, ఇవాళ్టిది కాదు ఈ కోపం. ఇత్తడి తాబేలుని పళ్ళెంలో నీళ్ళు పోసి ఉత్తరాన పెట్టుకోండి, ఎవరూ కాదనరు. ఇత్తడికి ఊపిరాడక్కర్లేదు. ఆ పళ్ళెం చూసి నేర్చుకున్న అలవాటుతోనే ప్రాణం ఉన్నదాన్నీ నీళ్ళలో పెడుతున్నారు. డిప్పకి పసుపు కుంకాలు, నూనె, గోరు రంగులు! డిప్ప అంటే వెన్నెముకతో కలిసిపోయిన ఎముక, గీరితే దానికి తెలుస్తుంది.

ఆ ఫొటో పెట్టినవారు ఇది చూస్తే, పెట్టె వచ్చేదాకా ఆగకండి అమ్మా. గాజు తొట్టెలో నీళ్ళు ఇప్పుడే పారబోయండి. రాళ్ళు తీసేయండి. దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, అడుగున తడి తువ్వాలు పరిచిన అట్టపెట్టెలో పెట్టండి. ఏసీ ఆపండి. రేపు పొద్దున్న వంటకి వాడని చిన్న కాటా మీద బరువు చూసి గ్రాముల్లో రాసుకోండి, వారం వారం అదే రోజు చూడండి. నాకు ఎప్పుడైనా ఫోన్ చేయండి, అర్ధరాత్రయినా ఫర్వాలేదు.